మోటార్‌హోమ్‌కి ఇంటి దగ్గర హుక్‌అప్ పెట్టించాం: పని బాగుంది, కోట్ బాలేదు

మోటార్‌హోమ్ అంటే లోపల ఇల్లులా ఉండే బండి, హుక్‌అప్ అంటే నిలబెట్టిన ఆ బండికి కరెంట్ ఇచ్చే సాకెట్ ఏర్పాటు. ఆ పనికి అయిదుకి నాలుగు స్టార్లు. తగ్గించిన ఒక్క స్టారు కోట్ (పనికి ముందు ఇచ్చే ఖర్చు అంచనా) రాసిన పద్ధతికీ, గొయ్యి పూడ్చిన తీరుకీ. వైరింగ్‌కి మాత్రం వంక పెట్టలేం. కంపెనీ పేరు రాయట్లేదు. మా చుట్టుపక్కల తప్ప ఎక్కడికీ వెళ్ళని చిన్న టీమ్ అది, పేరు చెప్పినా మీలో చాలామందికి ఉపయోగం లేదు. మీ దగ్గర ఎవర్ని పిలిచినా ఏం అడగాలి, పని జరుగుతుంటే ఎక్కడ కన్నేసి ఉంచాలి అన్నది మాత్రం పనికొస్తుందని కాస్త వివరంగా రాస్తున్నా. అమెరికాలో ఉంటూ మోటార్‌హోమ్ కొన్నవాళ్ళకీ, కొందామని షోరూముల చుట్టూ తిరుగుతున్నవాళ్ళకీ ఇది.

ముందే చెప్తున్నా, ఇది అందరికీ అక్కర్లేదు. బండి ఇంటి దగ్గర ఊరికే నిలబడి ఉంటుంది, బ్యాటరీలు చార్జ్ అయితే చాలు, బయల్దేరే ముందు ఫ్రిజ్ చల్లబడితే చాలు అనుకుంటే గ్యారేజీలో ఉన్న మామూలు సాకెట్టూ ఒక అడాప్టరూ సరిపోతాయి. 15 ఆంపులు, 120 వోల్టులు అంటే 1,800 వాట్లు. బ్యాటరీలు చార్జ్ చేసే కన్వర్టర్‌కీ ఫ్రిజ్‌కీ అది ధారాళంగా చాలు. తేడా వచ్చేది ఏసీ దగ్గర. పైకప్పు మీద ఉండే 13,500 బీటీయూ (చల్లబరిచే సామర్థ్యానికి కొలత) ఏసీ నడుస్తున్నప్పుడే 12 నుంచి 16 ఆంపుల దాకా లాగుతుంది, స్టార్ట్ అయ్యే క్షణంలో ఇంకా చాలా ఎక్కువ. దాని మీద మైక్రోవేవ్ కూడా పెట్టారా, బ్రేకర్ ఠప్పున పడిపోతుంది. పడిపోతే అదృష్టం అనుకోండి. చాలామంది ఎక్కడో మూల పడున్న సన్నటి ఎక్స్‌టెన్షన్ కార్డ్ తెచ్చి కలుపుతారు, బ్రేకర్ పడదు, కార్డే వేడెక్కుతుంది, అటు కంప్రెసర్‌కి వోల్టేజీ చాలక అదీ లోపల్లోపల వేడెక్కుతుంది. రెండూ నిశ్శబ్దంగా పాడయ్యే వ్యవహారాలు, అయ్యాక గానీ తెలియదు.

మాకు ఏసీ కావాలి. వేసవిలో బయల్దేరే ముందు రోజు సామాన్లు సర్దుతుంటే లోపల పెనం మీద నిలబడ్డట్టు ఉంటుంది. పైగా మా అత్తగారూ మామగారూ వచ్చారంటే చాలు, పిల్లలు "మేం బండిలో పడుకుంటాం" అని ఒకటే గోల. ఒక రాత్రి సరదాగా అయితే ఫర్వాలేదు గానీ, ఇంటి దగ్గర నిలబెట్టిన బండిలో కాపురం ఉండటానికి చాలా ఊళ్ళు ఒప్పుకోవు. హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) ఉన్న కాలనీల్లో అయితే బండి రోడ్డుకి కనపడేలా నిలబెట్టడానికే ఒప్పుకోకపోవచ్చు. తీగ లాగించే ముందు ఆ కాగితాలు ఒకసారి చదువుకోండి. కరెంట్ వచ్చాక బండి తీసేయమని ఉత్తరం వస్తే ఆ బాధ వేరే.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ ఇంటి ప్యానెల్‌లోకి, అంటే బ్రేకర్లుండే పెట్టెలోకి, రెండు హాట్ వైర్లు (కరెంట్ తెచ్చేవి, ఫేజ్ అంటాం), ఒక న్యూట్రల్ (కరెంట్ తిరిగి వెళ్ళేది) వస్తాయి. ఏదో ఒక హాట్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 120 వోల్టులు, రెండు హాట్‌ల మధ్య 240. గోడల్లో ఉండే మామూలు సాకెట్లు 120వి, బట్టలారబెట్టే డ్రయ్యర్, కరెంట్ ఓవెన్ లాంటివి 240వి. 30 ఆంపులు అనగానే ఇళ్ళల్లో పనిచేసే ఎలక్ట్రీషియన్ మనసులో మెదిలేది డ్రయ్యర్. డబుల్ పోల్ బ్రేకర్ (రెండు హాట్‌లకీ కలిపి ఉండేది), 240 వోల్టులు, చెయ్యి తిరిగిన పని. కానీ మోటార్‌హోమ్ 30 ఆంప్ సాకెట్, నెమా అనే అమెరికా ప్రమాణంలో టీటీ-30 అంటారు, అది 120 వోల్టులది. ఒక హాట్, ఒక న్యూట్రల్, ఒక గ్రౌండ్ (ఎర్త్), వెనకాల ఒకే హాట్‌కి ఉండే సింగిల్ పోల్ బ్రేకర్, మొత్తం 3,600 వాట్లు, అంతే. చూడ్డానికి పాతకాలం మూడు కాళ్ళ డ్రయ్యర్ సాకెట్‌కి దగ్గరగా ఉంటుంది, అందుకే జనం బోల్తా పడతారు. అక్కడ 240 ఇచ్చి బండి ప్లగ్గు పెట్టారంటే కన్వర్టర్, మైక్రోవేవ్, టీవీ, ఏది ఆన్‌లో ఉంటే అది పోతుంది. బ్రేకర్ కాపాడుతుందిగా అనుకోకండి. బ్రేకర్ చూసేది ఆంపుల్ని, వోల్టుల్ని కాదు.

మేం మొదట ఫోన్ చేసిన ఒక పెద్ద కంపెనీ నుంచి టై కట్టుకున్న సేల్స్ మనిషి వచ్చాడు. బండి వైపు చూడనైనా లేదు. గ్యారేజీలో ప్యానెల్‌ని ఫోటో తీసుకుని, "ఆర్వీ (మోటార్‌హోమ్ లాంటి బండి) 30 కదా, డ్రయ్యర్ లైన్ లాంటిదే, రోజూ చేసేదే" అన్నాడు. కోట్‌లో 30 ఆంప్, డబుల్ పోల్, 240 అని నల్లటి అక్షరాల్లో ఉంది. మా ఆవిడ ఆ కాగితం చదివి "ఏమండీ, ఇది మన బండికా, వాళ్ళ డ్రయ్యర్‌కా?" అంది. అతన్నే అడిగితే, వచ్చే టెక్నీషియన్ అన్నీ చూసుకుంటాడు, మీకెందుకు టెన్షన్ అన్నాడు. చూసుకుంటాడేమో. బండిని పణంగా పెట్టి ఆ పందెం కాయడం నాకిష్టం లేకపోయింది.

50 ఆంప్ సాకెట్‌తో ఈ గోల తక్కువ. నెమా 14-50, నాలుగు కాళ్ళది, వంటింట్లో ఎలక్ట్రిక్ రేంజ్‌కి (కరెంట్ పొయ్యికి) వాడేది అదే కాబట్టి ప్రతి ఎలక్ట్రీషియన్‌కీ తెలుసు. రెండు హాట్‌లు, న్యూట్రల్, గ్రౌండ్. 30కీ 50కీ తేడా ఇరవై ఆంపులే కదా అనుకుంటారు గానీ ఇక్కడ రెండు హాట్‌ల మీదా చెరో 50 వస్తుంది, అంటే 12,000 వాట్లు, 30 ఆంప్ దానికి మూడింతల పైమాటే. రెండు ఏసీలున్న పెద్ద బండ్లకి ఇదే ఉంటుంది.

తర్వాత పిలిచిన టీమ్, ఈ రివ్యూ వాళ్ళ గురించే. యాభై దాటిన పెద్దాయన, ఆయన వెనకాల ఒక హెల్పర్ కుర్రాడు. చెప్పిన టైముకి రాలేదు, ఆలస్యం అవుతుందని ఫోనూ లేదు, అది ముందే రాసేస్తున్నా. కానీ వచ్చాక ప్యానెల్ జోలికి పోకుండా నేరుగా బండి దగ్గరికి వెళ్ళి, బండి కరెంట్ కార్డ్ బయటికి లాగమన్నాడు. ప్లగ్గు చేతిలోకి తీసుకుని ఒక్కో కాలు మీదా బొటనవేలితో రుద్ది చూశాడు. ఒక కాలు మొదట్లో ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరిగి, కొంచెం కరిగినట్టు ఉంది, మేం ఎప్పుడూ గమనించనేలేదు. "ఎక్కడో క్యాంప్‌గ్రౌండ్‌లో వదులు సాకెట్లో పెట్టుంటారు. ముందు ఈ ప్లగ్గు మార్చండి, లేకపోతే నేను పెట్టే కొత్త సాకెట్‌ని కూడా ఇదే కాల్చేస్తుంది" అన్నాడు. అక్కడే నాకు నమ్మకం కుదిరింది. ఆ ప్లగ్గు మార్చడానికి డబ్బులు కూడా తీసుకోలేదు, కొత్త ప్లగ్గు ఖరీదు మాత్రమే.

తర్వాత లోడ్ లెక్క. మాది 200 ఆంప్ సర్వీస్, అంటే ఇంటికొచ్చే మొత్తం కరెంట్ పరిమితి అంత. ఇంట్లో వంట గ్యాసా కరెంటా, వాటర్ హీటర్ ఏది, ఏసీ ఎన్ని టన్నులు అని ఒక్కొక్కటీ అడిగి అక్కడే లెక్క వేసి చూపించాడు. ప్యానెల్‌లో రెండు స్లాట్లు ఖాళీగా కనిపిస్తే పని అయిపోయినట్టే అనుకుంటాం గానీ, ఖాళీ స్లాట్ ఉన్నంత మాత్రాన దానికి తగ్గ కరెంట్ మిగిలి ఉన్నట్టు కాదు. 100 ఆంప్ సర్వీస్ ఉన్న పాత ఇళ్ళల్లో కథ ఇక్కడే మారుతుంది. 50 ఆంప్ కావాలంటే మొత్తం సర్వీస్ పెంచుకోవాల్సి రావచ్చు, 30తో సరిపెట్టుకుంటే గట్టెక్కవచ్చు. ఈ లెక్క వేయకుండా కోట్ ఇచ్చేవాళ్ళని నేనైతే గేటు దగ్గర్నుంచే పంపించేస్తా.

మా ప్యానెల్ గ్యారేజీలో ఒక మూల, బండి నిలబెట్టే చోటు ఇంటికి వెనకవైపు ఇంకో మూల. తీగ దారి వంద అడుగులు పైనే. 30 ఆంప్‌కి 10 గేజ్ రాగి తీగ (గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు) చాలని కోడ్, అంటే అమెరికా ఎలక్ట్రికల్ నిబంధనల పుస్తకం, ఒప్పుకుంటుంది, కానీ ఈ దూరానికి వోల్టేజీ పడిపోతుంది. పెద్దాయన అట్టముక్క మీద లెక్క వేశాడు. 10 గేజ్ తీగ వెయ్యి అడుగులకి దాదాపు 1.2 ఓములు. వెళ్ళడానికి వంద, తిరిగి రావడానికి వంద, మొత్తం రెండొందల అడుగులకి పావు ఓమ్‌కి కాస్త తక్కువ. 30 ఆంపులు పారితే 7 వోల్టులు దారిలోనే పోతాయి, అంటే 6 శాతం. బ్రాంచ్ సర్క్యూట్‌లో (బ్రేకర్ నుంచి సాకెట్ దాకా ఉండే లైన్‌లో) 3 శాతం దాటకుండా చూసుకోమని కోడ్ పుస్తకం సూచన, నిబంధన కాదు, సూచన మాత్రమే. అదే 6 గేజ్ తీగ అయితే పోయేది 3 వోల్టులే. ఎలాగూ 6 గేజ్ లాగుతున్నాం కాబట్టి నాలుగు తీగలు వేసేస్తే అదే లైన్ 50 ఆంప్‌కి కూడా పనికొస్తుంది, రేపు బండి మారిస్తే మళ్ళీ తవ్వక్కర్లేదు అన్నాడు. అమ్మకం మాటలా అనిపించింది మొదట. లెక్క నేను విడిగా మళ్ళీ వేసుకున్నా, ఆయన చెప్పింది నిజమే. పైగా తీగకయ్యే అదనపు ఖర్చు, తవ్వకం ఖర్చు ముందు ఏపాటిది. మా కోట్‌లో సగానికి పైగా తవ్వకం, పైపులకే పోయింది. డాలర్లలో అంకె రాయట్లేదు, దూరాన్ని బట్టీ నేలని బట్టీ ఊరిని బట్టీ అది ఎంతైనా మారుతుంది.

చివరికి తేలిందేమిటంటే, ప్యానెల్ నుంచి 50 ఆంప్ ఫీడర్ (బాక్స్ దాకా వెళ్ళే లైన్), బండి పక్కన ఒక స్తంభానికి చిన్న బాక్స్, అందులో 14-50 ఒకటి, టీటీ-30 ఒకటి, మామూలు 20 ఆంప్ సాకెట్ ఒకటి, దేని బ్రేకర్ దానికి. 14-50 ఒక్కటే పెట్టి అడాప్టర్‌తో 30 బండి నడుపుకోవచ్చు కదా అని అడిగాను, చాలామంది అదే చేస్తారు. ఆయనకి నచ్చలేదు. బండి కార్డ్ 30కి తయారైంది, దాని వెనకాల 50 బ్రేకర్ కూర్చుంటే కార్డ్‌కి ఏదైనా దెబ్బ తగిలినప్పుడు బ్రేకర్ ఆలస్యంగా మేలుకుంటుంది అన్నాడు. సబబుగానే ఉంది.

బాక్స్ ఎక్కడ పెట్టాలన్న దాని మీద చిన్న వాదన జరిగింది. గోడకి దగ్గరగా పెడితే ఆయనకి పని సులువు. కానీ మోటార్‌హోమ్‌లకి కరెంట్ కార్డ్ మామూలుగా ఎడమవైపు, వెనక భాగంలో ఉంటుంది, కార్డ్ పొడవు పాతిక ముప్ఫై అడుగులు. మేం వెనక్కి నడిపి లోపలికి పెడతాం కాబట్టి గోడ తప్పు వైపు వస్తుంది, కార్డ్ బండి కింద నుంచి తిప్పుకోవాలి. ఈ వాదనలో మాత్రం మేమే నెగ్గాం. మీరు కూడా ఎవరైనా వచ్చే ముందు బండిని రోజూ నిలబెట్టే చోట నిలబెట్టి, కార్డ్ నేల మీద పరిచి, అది ఎక్కడిదాకా వస్తుందో సుద్దతో గీత గీసి ఉంచండి.

తవ్వే ముందు 811కి ఫోన్ చేశారు. దేశమంతా అదే నంబరు, ఉచితం. గ్యాస్, నీళ్ళు, ఫోన్ వాళ్ళు వచ్చి వాళ్ళ లైన్లు ఎక్కడున్నాయో నేల మీద రంగులతో గీసి వెళ్తారు. మా గ్యాస్ లైన్ మేం తవ్వాలనుకున్న దారికి అడ్డంగా ఉందని అప్పుడే తెలిసింది. పీవీసీ పైపులో తీగ వేస్తే పైన 18 అంగుళాల మట్టి ఉండాలి, పైపు లేకుండా నేరుగా పాతే కేబుల్‌కి 24 అంగుళాలు. కుర్రాడు టేపు పట్టుకుని పదడుగులకొకసారి కొలవడం చూశాను. రాయి తగిలిన చోట ఒక రెండంగుళాలు తగ్గితే మళ్ళీ పార పట్టాడు, పెద్దాయన చూడట్లేదు కూడా అప్పుడు. ఆ కుర్రాడికి అయిదుకి అయిదు.

పైపులో లాగిన తీగ మీద ఏం ముద్రించి ఉందో చదవండి. నేలలో పాతిన పైపు లోపలికి తేమ చేరుతుంది, కోడ్ దాన్ని తడి ప్రదేశంగానే లెక్కేస్తుంది, అందుకని తడికి తట్టుకునే తీగే ఉండాలి, టీహెచ్‌డబ్ల్యూఎన్ అని ఉంటుంది. ఇంటి గోడల లోపల వాడే పసుపుపచ్చ, నారింజ రంగు తొడుగు కేబుల్‌ని పైపులో దూర్చి పాతేసేవాళ్ళున్నారు, అది పైపులో ఉన్నా సరే కుదరదు. పైపు నేలలోంచి పైకి లేచి స్తంభం ఎక్కే చోట మందమైన షెడ్యూల్ 80 పైపు వేశారు, గడ్డి కోసే మెషీన్ తగిలినా పగలకుండా. ఇవన్నీ ఇన్‌స్పెక్టర్ కళ్ళతో చూశాకే గొయ్యి పూడ్చాలి, కాబట్టి పర్మిట్ తీసుకున్నారా లేదా అన్నది మొదటిరోజే అడగండి. పర్మిట్ లేకుండా చేస్తే తక్కువకి చేస్తాం అనేవాళ్ళు తగులుతారు. మాకూ తగిలారు.

స్తంభం దగ్గర రెండు గ్రౌండ్ రాడ్లు దిగ్గొట్టారు, ఒక్కోటి 8 అడుగులు, మధ్యలో 6 అడుగుల పైన దూరం. విడిగా ఉన్న స్తంభానికి ఫీడర్‌తో బాక్స్ పెడితే అది తప్పనిసరి. ఈ రాడ్లు ఉన్నాయి కదా, ప్యానెల్ నుంచి విడిగా గ్రౌండ్ తీగ ఎందుకు అనే మాట మా బావగారి నోటి నుంచి వచ్చింది. రాడ్ పిడుగులాంటి వాటికి. బండిలో హాట్ తీగ ఊడి బాడీకి తగిలినప్పుడు బ్రేకర్ పడాలంటే కరెంట్ తిరిగి ప్యానెల్‌కి తీగ మీద చేరాలి, మట్టి మీదుగా అంత కరెంట్ రాదు. గ్రౌండ్ తీగ లేకపోతే బ్రేకర్ పడదు, బండి బాడీ మొత్తం కరెంట్‌తో కూర్చుని ఉంటుంది, తడి గడ్డి మీద నిలబడి తలుపు పిడి పట్టుకున్నవాడి సంగతి చెప్పక్కర్లేదు. ఇంకోటి, ఆ బాక్స్‌తో పాటు ఆకుపచ్చ స్క్రూ ఒకటి వస్తుంది, న్యూట్రల్ బార్‌ని బాక్స్‌కి కలిపేది. మెయిన్ ప్యానెల్ దగ్గర తప్ప న్యూట్రల్, గ్రౌండ్ ఎక్కడా కలవకూడదు కాబట్టి ఇక్కడ దాన్ని బిగించకూడదు. పెద్దాయన ఆ స్క్రూ తీసి నా చేతిలో పెట్టి "ఇది మీ డ్రాయర్లో దాచుకోండి, ఎప్పుడైనా ఎవరైనా ఇక్కడ స్క్రూ మిస్సయింది అంటే వాళ్ళని పంపించేయండి" అన్నాడు.

ఇక కోట్ గురించి. జీఎఫ్‌సీఐ బ్రేకర్లు కోట్‌లో లేవు. ఇండియాలో ఆర్‌సీసీబీ చేసే పనిలాంటిదే ఇది చేస్తుంది, వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ కొంచెం తేడా వచ్చినా కట్ చేస్తుంది. 2020 కోడ్ నుంచి ఇళ్ళ బయట ఉండే 240 వోల్టుల సాకెట్లకి కూడా ఇది కావాలి. అయితే ఏ ఎడిషన్ అమల్లో ఉందన్నది రాష్ట్రాన్ని బట్టి, ఊరిని బట్టి మారుతుంది. మా ఊళ్ళో కావాలి. అది ఆయనకి తెలియకపోవడం ఏమీ లేదు, పర్మిట్ కాగితంలో తనే రాశాడు. కోట్‌లో మాత్రం "బ్రేకర్లు" అని ఒక్క ముక్క. చివర్లో బిల్లు పెరిగింది, మామూలు బ్రేకర్‌కీ దీనికీ ధరలో తేడా బాగానే ఉంటుంది. అడిగితే, మీరు అడగలేదుగా అన్నాడు. ఇది నాకు అస్సలు నచ్చలేదు. కోట్ తక్కువ చూపించి పని మధ్యలో పెంచడం తెలిసి చేసినా, తెలియక చేసినా మన జేబుకి ఒకటే. సగం ఖర్చు ఆయన భరించడానికి ఒప్పుకున్నాడు గానీ, ఆ బేరం ఆడాల్సిన అవసరం రాకూడదు.

సాకెట్ విషయంలోనూ ఇలాగే. మొదట తెచ్చిన 14-50 హార్డ్‌వేర్ షాపులో దొరికే చవకరకం. వంటింట్లో రేంజ్ వెనకాల ఒకసారి పెట్టి పదేళ్ళు ముట్టుకోని చోటికి అది చాలు. ఇక్కడ ఎండలో వానలో ఉండి, పెడుతూ తీస్తూ ఉండే చోట లోపల స్ప్రింగ్ పట్టు వదులైతే ఆ కాలిపోయిన ప్లగ్గు కథే మళ్ళీ. ఇండస్ట్రియల్ గ్రేడ్ కావాలని అడిగితే మార్చాడు, దీనికి మాత్రం గొణగలేదు. తీగలు బిగించేటప్పుడు టార్క్ స్క్రూడ్రైవర్ వాడాడు, నిర్ణీత బిగువు రాగానే క్లిక్‌మంటుంది. చేతి అంచనాతో బిగించేవాళ్ళే ఎక్కువ, 2017 కోడ్ నుంచి అలా కుదరదు, తయారీదారు చెప్పిన అంకెకి బిగించాలి.

కరెంట్ ఇచ్చాక వెంటనే బండి పెట్టనివ్వలేదు. మీటర్ తీసి టీటీ-30 రంధ్రాల్లో పెట్టి, నన్ను దగ్గరికి పిలిచి చూడమన్నాడు. హాట్‌కీ న్యూట్రల్‌కీ 121. హాట్‌కీ గ్రౌండ్‌కీ 121. న్యూట్రల్‌కీ గ్రౌండ్‌కీ సున్నా. తర్వాత 14-50లో రెండు హాట్‌ల మధ్య 242, ఒక్కో హాట్‌కీ న్యూట్రల్‌కీ 121. అప్పుడు బ్రేకర్ ఆఫ్ చేసి, ప్లగ్గు పెట్టి, బ్రేకర్ ఆన్. ఈ వరస ఎప్పుడూ మార్చొద్దన్నాడు, లోడ్ మీద ప్లగ్గు పెడితే వచ్చే చిన్న మెరుపే కాళ్ళని కొద్దికొద్దిగా తినేస్తుందట. బండిలో ఏసీ, మైక్రోవేవ్ రెండూ పెట్టి లోపలి సాకెట్లో కొలిస్తే 116 చూపించింది. మీ ఎలక్ట్రీషియన్ ఎవరైనా సరే, ఈ అంకెలు మీ కళ్ళ ముందు చూపించకుండా బండి ప్లగ్గు పెట్టనివ్వకండి. టీటీ-30లో 240 కనపడితే అప్పటికింకా ఏమీ కాలిపోలేదు, సంతోషించి మళ్ళీ విప్పించండి.

తర్వాత కొన్నాళ్ళకే జీఎఫ్‌సీఐ పడిపోవడం మొదలైంది. ఫోన్ చేస్తే వచ్చాడు, డబ్బు అడగలేదు, ఈసారి టైముకే వచ్చాడు. బండి లోపలి బ్రేకర్లన్నీ ఆపి ఒక్కొక్కటే వేసుకుంటూ వచ్చాడు. వాటర్ హీటర్ బ్రేకర్ వేసి కరెంట్ ఎలిమెంట్ ఆన్ చేయగానే పడిపోయింది. ఎలిమెంట్ లోపల చిట్లి నీళ్ళలోకి కాస్త కరెంట్ కారుతోంది. క్యాంప్‌గ్రౌండ్‌ల్లో 30, 50 సాకెట్లకి మామూలుగా ఈ రక్షణ ఉండదు కాబట్టి అక్కడ ఎప్పుడూ పడలేదు. ఒక చిక్కు కూడా చెప్పాడు: బండి బ్రేకర్లు హాట్‌ని మాత్రమే కట్ చేస్తాయి, న్యూట్రల్ అలాగే ఉంటుంది, కాబట్టి న్యూట్రల్ ఎక్కడైనా బాడీకి తగులుతుంటే అన్ని బ్రేకర్లూ ఆపినా జీఎఫ్‌సీఐ పడుతుంది, అప్పుడు ఒక్కో వైరూ విప్పి వెతకాల్సిందే. మాది ఆ రకం కాదు, ఎలిమెంట్ మార్చుకున్నాం. ఇది పడిపోతోందని విసిగిపోయి మామూలు బ్రేకర్ పెట్టించేసుకునేవాళ్ళు ఉన్నారు. ఎవరి ఇష్టం వాళ్ళది గానీ, ఆ హీటర్ నీళ్ళతో పిల్లలు స్నానం చేస్తారు.

ఇంటి దగ్గర కూడా సర్జ్ ప్రొటెక్టర్ వాడమన్నాడు, అదీ ఊరికే సర్జ్ ఆపేది కాదు, వోల్టేజీ మరీ తగ్గినా పెరిగినా కట్ చేసే ఈఎంఎస్ రకం. 50 ఆంప్ బండికైతే ఇది ఇంకా అవసరం. న్యూట్రల్ తీగ ఒకటి వదులైతే రెండు వైపుల వోల్టేజీ తారుమారై ఒకవైపు వస్తువులకి 120 కన్నా బాగా ఎక్కువ ఎక్కుతుంది. క్యాంప్‌గ్రౌండ్‌లకి ఎలాగూ తీసుకెళ్ళాల్సిందే కాబట్టి కొనేశాం.

పక్కింటి కుర్రాడు వచ్చి, "అన్నా, ఈ 14-50లో నా ఎలక్ట్రిక్ కార్ పెట్టుకోవచ్చా?" అన్నాడు. ప్లగ్గు సరిపోతుంది. గంటల తరబడి లాగే లోడ్ కాబట్టి 80 శాతం, అంటే 40 ఆంపులు దాటకూడదు. ఏసీ నడుస్తున్న బండిని పక్కన 30లో పెట్టి, దీన్లో కారు పెడితే వెనకాల ఉన్న ఫీడర్ మొత్తం 50కే కాబట్టి ఆ ఫీడర్ బ్రేకర్ పడుతుంది. రెండూ ఒకేసారి కావాలనుకునేవాళ్ళు మొదట్లోనే చెప్పి లావు ఫీడర్ వేయించుకోండి. ఇంకొకాయన అయితే, కరెంట్ పోయినప్పుడు బండి జనరేటర్‌ని ఇదే సాకెట్‌కి రెండువైపులా మగ ప్లగ్గులున్న కార్డ్‌తో కలిపి ఇంటికి ఎక్కించుకోవచ్చు కదా అని సలహా ఇచ్చాడు. దయచేసి ఆ పని చేయకండి. బయట స్తంభం ఎక్కి లైన్ బాగుచేస్తున్న మనిషికి ఆ కరెంట్ తగులుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వేల వోల్టులకి పెంచి మరీ పంపిస్తుంది. జనరేటర్‌తో ఇల్లు నడపాలంటే దానికి విడిగా ఇన్‌లెట్, ట్రాన్స్‌ఫర్ స్విచ్ (ఇంటిని బయటి లైన్ నుంచి విడదీసి జనరేటర్‌కి కలిపేది) ఉంటాయి.

గొయ్యి మాట మిగిలింది. మట్టిని పొరలు పొరలుగా వేసి దిమ్మిస కొట్టకుండా ఒకేసారి తోసేశారు. మొదటి గట్టి వానకి గ్యారేజీ నుంచి స్తంభం దాకా పొడుగ్గా కుంగిపోయింది, గడ్డి అంతా పోయి బురద కాలవ తేలింది. పైపుకి ఏమీ కాలేదు, లోతు ఇంకా ఉంది, కొలిచి చూశాను. ఫోన్ చేస్తే నేల ఆరాక కుర్రాణ్ణి మట్టితో పంపిస్తానన్నాడు. ఇంకా పంపలేదు. పంపితే ఆ స్టారు వెనక్కి ఇచ్చే ఆలోచన ఉంది, కోట్ సంగతి గుర్తొచ్చి మళ్ళీ మనసు మార్చుకుంటున్నా.